చుక్క గురి: రిఫ్లెక్స్ సైట్ల చర్చ ఎక్కడిదాకా వచ్చింది

రిఫ్లెక్స్ సైట్ అంటే పిస్టల్ లేదా రైఫిల్ పైన బిగించే చిన్న అద్దం. దాని గుండా చూస్తే లక్ష్యం మీద ఒక ఎర్ర చుక్క వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ చుక్కను లక్ష్యం మీద నిలిపి ట్రిగర్ నొక్కడమే గురి. దీన్ని లేజర్ అని చాలామంది పొరబడతారు. లేజర్ కిరణం వెళ్లి ఎదుటి వస్తువు మీద పడుతుంది, అందరికీ కనిపిస్తుంది. రిఫ్లెక్స్ సైట్ చుక్క ఎక్కడా పడదు. కాల్చేవాడి కంటికి తప్ప అది లేదు.

ఈ పరికరం మంచిదా, తుపాకీ మీదుండే పాత లోహపు గురి గుర్తులైన ఐరన్ సైట్లే మంచివా అన్న వాదం యాభై ఏళ్లుగా సాగుతోంది. సైనికుడి రైఫిల్, పోలీసు పిస్టల్, ఒలింపిక్ క్రీడ అనే మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా అడగడమే అది చిక్కుపడటానికి మొదటి కారణం. ఒక రంగంలో రుజువైన మాటను రెండో రంగానికి అంటగడుతున్నారు. విడదీసి చూస్తే కొన్ని ముడులు ఇప్పటికే విడిపోయాయని తెలుస్తుంది. విడిపోనివి కూడా కొన్ని ఉన్నాయి, వాటి బరువు తక్కువేమీ కాదు.

అద్దం, చుక్క, కన్ను

ఐరన్ సైట్లలో కన్ను మూడు వస్తువులను ఒకే వరుసలోకి తేవాలి. దగ్గరగా బ్యాక్‌సైట్, కొంచెం ముందు ఫోర్‌సైట్, దూరంగా లక్ష్యం. కంటిలోని కటకం ఒకసారి ఒక దూరానికే స్పష్టత ఇవ్వగలదు. అందుకే ఫైరింగ్ రేంజ్‌లో ఉస్తాదులు ఫోర్‌సైట్ కొన మీదే చూపు పెట్టమంటారు. లక్ష్యం మసకగా ఉన్నా ఫర్వాలేదు, ఫోర్‌సైట్ మసకబారకూడదు. నలభై దాటి చత్వారం వచ్చినవారికి ఈ నియమమే భారమవుతుంది. చాచిన చేతి చివర ఉన్న కొన స్పష్టంగా కనిపించదు.

రిఫ్లెక్స్ సైట్ ఈ మూడింటిని రెండు చేస్తుంది. పుటాకార దర్పణపు నాభి వద్ద చిన్న కాంతిబిందువును ఉంచితే, దర్పణం మీద పడి తిరిగొచ్చే కిరణాలు సమాంతరమవుతాయి. పదో తరగతి భౌతికశాస్త్రంలో పిల్లలు గీసే పటమే ఇది. సమాంతర కిరణాలు కంటికి చాలా దూరం నుంచి వస్తున్నట్టే తోస్తాయి. కనుక చుక్క, లక్ష్యం రెండూ ఒకే దూరంలో ఉన్నట్టు స్పష్టంగా కనబడతాయి. అద్దం పూత ఎరుపును మాత్రమే వెనక్కి పంపి మిగతా వెలుగును సాగనిస్తుంది కాబట్టి ఎదుటి దృశ్యం మరుగుపడదు. చాలా సైట్ల అద్దం కొంచెం నీలిగా కనిపించడం ఈ పూత వల్లే.

మరో లాభం తల స్థానానికి సంబంధించినది. కన్ను అద్దం మధ్యకు సరిగ్గా రాకపోయినా చుక్క లక్ష్యం మీదుంటే తూటా దాదాపు అక్కడికే పోతుంది. ఈ ‘దాదాపు’ మీదే పారలాక్స్ (కన్ను జరిగితే గురి మారడం) వాదమంతా నడుస్తోంది. ఆదర్శ సైట్‌లో కన్ను పక్కకు జరిగినంతే గురి రేఖ జరుగుతుంది, అది కూడా మొదటి రేఖకు సమాంతరంగానే. అద్దం వెడల్పు 20 మిల్లీమీటర్లయితే ఆ తేడా ఏ దూరంలోనైనా 10 మిల్లీమీటర్లు దాటదు. నిజమైన అద్దాల్లో వక్రత లోపాల వల్ల అంచుల దగ్గర కొంత కోణదోషం చేరుతుంది, అది దూరంతోపాటు పెరుగుతుంది. కాబట్టి ‘పారలాక్స్ లేదు’ అనే ప్రకటనా పూర్తి నిజం కాదు, ‘పారలాక్స్ వల్ల పనికిరాదు’ అనే వాదనా నిజం కాదు. పది ఇరవై మీటర్లలో అది లెక్కలోకి రాదు. వందల మీటర్లలో నాసిరకం అద్దంతో మాత్రం వస్తుంది.

ఐరన్ సైట్లలో ఇదే పొరపాటు ఖరీదెంతో చూస్తే పోలిక తేలుతుంది. మామూలు సర్వీస్ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 16.5 సెంటీమీటర్లు. ఫోర్‌సైట్ అర మిల్లీమీటరు పక్కకు జరిగితే 25 మీటర్ల దూరంలో తూటా 7 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది.

డబ్లిన్ నుంచి సోన్ తే దాకా

రిఫ్లెక్స్ సైట్ ఆలోచన ఐర్లాండ్‌కు చెందిన టెలిస్కోపుల తయారీదారు హోవర్డ్ గ్రబ్‌ది. ఆయన 1900లో పేటెంటు తీసుకున్నాడు. అదే కాలంలో ఆయన సంస్థ పేరున్న 15 అంగుళాల టెలిస్కోపు హైదరాబాద్‌కు చేరింది. నవాబ్ జఫర్ జంగ్ దాన్ని తెప్పించి, ఇవాళ సరూర్‌నగర్‌కు దగ్గరలో ఉన్న ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. అదే తర్వాత బేగంపేటకు మారిన నిజామియా వేధశాల. నక్షత్రాన్ని చూసే పనికీ తుపాకీ గురికీ మూలమైన దృశాశాస్త్రం ఒకటేనని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఈ నగరానికి అక్కర్లేదు.

గ్రబ్ ఊహ చేతి తుపాకుల్లో నిలదొక్కుకోవడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. ముందుగా అది విమానాలెక్కింది. 1918లో జర్మన్ యుద్ధ విమానాలపై కనిపించి, రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఫైటర్ విమానాలకు సాధారణమైంది. విమానంలో బల్బుకు కరెంటు దొరుకుతుంది. భుజాన మోసే రైఫిల్‌కు దొరకదు. కొద్ది విద్యుత్తుతో వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ 1962లో వచ్చాకే ఈ అడ్డు తొలగింది.

మధ్యలో ఒక వింత పరికరం వచ్చింది. సింగిల్‌పాయింట్ అనే సైట్‌లో ముందు వైపు మూసి ఉంటుంది. ఒక కన్ను గొట్టంలోని చుక్కను, రెండో కన్ను లక్ష్యాన్ని చూస్తాయి, మెదడు రెంటినీ కలుపుకుంటుంది. 1970 నవంబర్‌లో ఉత్తర వియత్నాంలోని సోన్ తే ఖైదీల శిబిరంపై అమెరికా దళాలు రాత్రివేళ చేసిన దాడిలో దీన్ని వాడారు. చీకట్లో ఐరన్ సైట్లు కనిపించకపోవడమే కారణం. 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ ఎల్‌ఈడీతో పనిచేసే సైట్‌ను అమ్మకానికి పెట్టింది. ఆధునిక చరిత్ర అక్కడ మొదలవుతుంది.

అక్కణ్నుంచి దారి వేగం పుంజుకుంది. 1990 నాటికి ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో చుక్క సైట్లు గెలవసాగాయి. ఐరన్ సైట్లవారితో సమానంగా పోటీ పెట్టడం అన్యాయమని తేలి వాటిని వేరే విభాగంలోకి మార్చారు. 1995లో తుపాకీ మీద సైట్లు బిగించే పికటిన్నీ రైలుకు సైనిక ప్రమాణం వచ్చింది. అప్పటిదాకా తుపాకీ రకానికో బిగింపు ఉండేది, ఆ తర్వాత ఏ సైట్ అయినా ఆ రైలున్న ఏ రైఫిల్ మీదికైనా ఎక్కే వీలు కలిగింది. సైట్ల చరిత్రలో అద్దం కంటే ఈ గాడుల పట్టీ చేసిన మేలే ఎక్కువ. దాని గురించి చెప్పేవారు తక్కువ. 1997లో అమెరికా సైన్యం ఎయిమ్‌పాయింట్‌ను తన రైఫిళ్లకు ఎంచుకుంది. పిస్టల్ వంతు ఆలస్యంగా వచ్చింది. 2015లో గ్లాక్ సంస్థ సైట్ బిగించేందుకు వీలుగా కోసిన స్లైడ్‌తో, అంటే కాల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగంతో, పిస్టళ్లను విడుదల చేసింది. 2017లో అమెరికా సైన్యం తీసుకున్న ఎం17 పిస్టల్‌కు కూడా ఆ ఏర్పాటు ఉంది.

రైఫిల్: తేలిన మాట, దాని హద్దు

రైఫిల్ విషయంలో వాదం చాలావరకు ముగిసింది. వంద మీటర్ల లోపు, కదిలే లక్ష్యం, రెండు కళ్లూ తెరిచి ఉండాల్సిన పరిస్థితి అయితే రిఫ్లెక్స్ సైట్ ఐరన్ సైట్లను మించింది. రైఫిల్ మడమ భుజానికి, చెంప మడమకు ఆనుతాయి కాబట్టి ప్రతిసారీ కన్ను ఒకే చోటికి వస్తుంది, చుక్క కోసం వెతుకులాట ఉండదు. భారత ప్రత్యేక దళాలు తెచ్చుకున్న ఇజ్రాయెల్ టావర్ రైఫిళ్లపై మెప్రో 21 రిఫ్లెక్స్ సైట్ ఉండటం ఈ అంగీకారానికి గుర్తే.

ఇప్పుడు మిగిలిన పోటీ రిఫ్లెక్స్ సైట్‌కూ దూరాన్ని దగ్గరచేసే స్కోపుకూ మధ్య. సైట్ చుక్క పరిమాణాన్ని ఎంఓఏలలో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే వంద మీటర్ల దూరంలో సుమారు 2.9 సెంటీమీటర్లు. రెండు ఎంఓఏల చుక్క 500 మీటర్లలో 29 సెంటీమీటర్ల మేర కప్పేస్తుంది. అంటే మనిషి ఛాతీలో ఎక్కువ భాగం చుక్క వెనకే ఉండిపోతుంది. పైగా అంత దూరంలో ఉన్నది శత్రువా, పొలంలో పనిచేసే రైతా అని చుక్క చెప్పదు. 2019లో భారత సైన్యం 72,400 ఎస్‌ఐజీ 716 రైఫిళ్లకు ఒప్పందం చేసుకున్నది 500 మీటర్ల స్థాయి పోరాటాన్ని దృష్టిలో పెట్టుకునే. అలాంటి ఆయుధం మీద పెద్దది చేసి చూపని సైట్ సగం పనే చేస్తుంది. అమెరికా సైన్యం 2022లో కొత్త రైఫిళ్ల కోసం ఒకటి నుంచి ఎనిమిది రెట్ల దాకా పెంచుకునే స్కోపును ఎంచుకుంది. రిఫ్లెక్స్ సైట్ వెనక మడిచిపెట్టే మాగ్నిఫయర్‌ను చేర్చడం రెండో దారి. బరువు, ధర, కన్ను ఎంత సరిగ్గా ఆనించాలన్న షరతు, ఈ మూడింటిలో ఏది ముఖ్యమో దళం పనిని బట్టి మారుతుంది. ఇళ్ల మధ్య పనిచేసే దళానికీ కొండల మీద కాపలా కాసే దళానికీ ఒకే జవాబు ఇవ్వబోతే తప్పవుతుంది.

అంతగా చర్చకు రాని ఒక లోపముంది. రైఫిల్ మీద సైట్ కేంద్రం బ్యారెల్ కంటే దాదాపు ఆరున్నర సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. 50 మీటర్లకు జీరోయింగ్ చేసిన, అంటే ఆ దూరంలో తూటా చుక్క మీదే పడేలా సరిచేసిన రైఫిల్‌తో ఐదు మీటర్లలో కాలిస్తే తూటా చుక్క కంటే ఆరు సెంటీమీటర్ల దాకా కిందికి తగులుతుంది. బందీని అడ్డుపెట్టుకున్న దుండగుడి సందర్భంలో ఆ ఆరు సెంటీమీటర్లు ప్రాణం ఖరీదు. గదుల్లోకి చొరబడే దళాలకు ఇది నోటిమాటగా చెబితే చాలదు, కాల్పించి చూపించాలి.

పిస్టల్: మూడు పక్షాలు

చర్చ వేడెక్కేది ఇక్కడే.

మొదటి పక్షం ఫోర్‌సైట్‌నే నమ్ముతుంది. పిస్టల్ చివరి ఆయుధం, ఐదు మీటర్లలో రెండు సెకన్లలో పని తేలాలి, అక్కడ బ్యాటరీ మీద ఆధారపడకూడదు అంటుంది. ఈ పక్షం వేలెత్తి చూపే అసలు ఇబ్బంది వేరే ఉంది. పిస్టల్‌కు మడమ లేదు. చేయి చాచినప్పుడు మణికట్టు కొంచెం వంగితే చుక్క అద్దంలోనే ఉండదు. ఐరన్ సైట్లలో ఫోర్‌సైట్ ఎటు పోయిందో కనిపిస్తుంది. అద్దంలో చుక్క లేకపోతే ఎటు పోయిందో తెలియదు. కొత్తవాళ్లు పిస్టల్ ముక్కును పైకీ కిందికీ ఆడిస్తూ చుక్కను వెతుక్కుంటారు.

రెండో పక్షం ఈ ఇబ్బందిని ఒప్పుకుంటూనే దానికి మందు ఉందంటుంది. ఖాళీ పిస్టల్‌తో డ్రై ఫైర్ సాధన వేలసార్లు చేస్తే చుక్క తనంత తానే కంటి ముందుకొస్తుంది. అప్పుడు చూపు ఎదుటి మనిషి మీదే ఉంటుంది, అతని చేతిలో ఉన్నది కత్తా సెల్‌ఫోనా అన్నది కనిపిస్తూనే ఉంటుంది. పోలీసుకు ఇది చిన్న సంగతి కాదు. ఫోర్‌సైట్ కొన మీద చూపు నిలిపిన కంటికి ఎదుటివాడి చేతులు మసకగా ఉంటాయి. కాల్చకూడనప్పుడు కాల్చకుండా ఉండటం కూడా గురిలో భాగమే అనుకుంటే, రెండో పక్షం వాదనల్లో అతి బలమైనది ఇదే.

మూడో పక్షం రెండూ ఉండాలంటుంది. అద్దం గుండా కనిపించేంత ఎత్తైన ఐరన్ సైట్లు బిగిస్తే, చుక్క ఆరిపోయినా పని ఆగదు. ఈ రాజీని చాలా దళాలు ఒప్పుకున్నాయి. చిక్కేమిటంటే, కొత్తవాడి కంటి ముందు ఇప్పుడు రెండు గురులున్నాయి. ఒత్తిడిలో దేన్ని చూడాలన్న తడబాటు వస్తుందని కొందరు శిక్షకులు అభ్యంతరం చెబుతారు.

మూడు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది. దగ్గరి దూరాల్లో తూటా తప్పడానికి సైట్ కంటే ట్రిగర్‌ను గుంజడమే ఎక్కువ కారణం. చుక్క ఆ తప్పును దిద్దదు. కాకపోతే చూపిస్తుంది. ట్రిగర్ గుంజినప్పుడు చుక్క ఎగిరిపడటం కాల్చినవాడికే కనబడుతుంది. బోధనా పరికరంగా దీని విలువ ఆయుధ పరికరంగా ఉన్న విలువకు తీసిపోదు.

మన రాష్ట్రాల పోలీసు బలగాలకు ఈ చర్చ ఎలా వర్తిస్తుంది? దేశంలో సైన్యం, పోలీసులు విరివిగా వాడే 9 ఎంఎం ఆటో పిస్టల్ 1ఏ బ్రౌనింగ్ నమూనా మీద ఈశాపూర్‌లో తయారవుతుంది. దాని స్లైడ్‌పై అద్దానికి చోటు కోసి ఉండదు. చుక్కకు మారాలంటే పిస్టలే మారాలి, హోల్‌స్టర్ మారాలి, జీరోయింగ్ తెలిసిన ఆర్మరర్లు (ఆయుధాలు సరిచేసే సిబ్బంది) కావాలి, ఏటేటా కాల్చే తూటాల కోటా పెరగాలి. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్, 2007లో ఏర్పడిన ఆక్టోపస్ వంటి ప్రత్యేక దళాలు నిత్య సాధన మీద బతుకుతాయి. ఎల్బీనగర్ కూడలిలో బందోబస్తు చూసే ఠాణా సిబ్బంది పరిస్థితి అది కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు రేంజ్‌కు వెళ్లే చేతికి చుక్క ఇస్తే లాభం కంటే తడబాటే ఎక్కువ. సాధనకు డబ్బు పెట్టకుండా పరికరానికి పెట్టడం ప్రజాధనం వృథా చేయడమే.

క్రీడ: నిషేధం ఎందుకు సబబు

ఒలింపిక్ షూటింగ్‌ను నడిపే అంతర్జాతీయ సమాఖ్య పిస్టల్ పోటీల్లో ఐరన్ సైట్లనే అనుమతిస్తుంది. చుక్క, లేజర్, టెలిస్కోపు ఏవీ కుదరవు. దీన్ని పాతకాలపు మొండితనమని విమర్శించేవారున్నారు. లెక్క చూస్తే ఆ విమర్శ నిలవదు.

ముందు రైఫిల్ సంగతి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. రెండు ఎంఓఏల రిఫ్లెక్స్ చుక్క అదే దూరంలో 5.8 మిల్లీమీటర్లు కప్పుతుంది, అంటే లక్ష్యానికి పదింతలకు పైగా. రైఫిల్ షూటర్లు వాడే పీప్ సైట్ ఈ పనికి మేలు. వెనక సన్న రంధ్రం, ముందు వలయం, దాని నడుమ లక్ష్యపు నల్ల వృత్తం. వృత్తంలో వృత్తాన్ని మధ్యకు తేవడంలో మనిషి కన్ను అసాధారణమైన సూక్ష్మత చూపుతుంది. 2012 లండన్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ, 2022 బధిర ఒలింపిక్స్‌లో ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం గెలిచిందీ ఈ ఎయిర్ రైఫిల్ విభాగంలోనే.

పిస్టల్ కథ కొంచెం వేరు. మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో రెండో అంచెలో లక్ష్యం మూడు సెకన్లే కనిపిస్తుంది. దించి ఉన్న చేతిని ఎత్తి, గురిచూసి, ఒక్క తూటా కాల్చాలి. పది పాయింట్ల వలయం ఇక్కడ 10 సెంటీమీటర్లు. చుక్క సైట్ ఉంటే ఈ పని నిజంగానే తేలికవుతుంది. ఆ తేలికతనమే క్రీడకు పనికిరాదు. ఈ పోటీ పరీక్షించేది చేతి నిలకడనూ, ఫోర్‌సైట్ మీద చూపు నిలిపే నిగ్రహాన్నీ కదా. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో గెలిచిన నాలుగు పతకాల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం ఉన్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆమె ఇదే విభాగంలో పోటీపడింది. ఆ పతకాలకు ఉన్న విలువలో కొంత భాగం ఆ నియమం ఇచ్చినదే.

క్రీడాకారుల ఇబ్బంది సైట్ దగ్గర లేదు, రేంజ్ దగ్గర ఉంది. హైదరాబాద్‌లో ప్రధాన షూటింగ్ రేంజ్ పడమటి చివర, గచ్చిబౌలి వైపు ఉంది. సరూర్‌నగర్‌లో 2002 జాతీయ క్రీడల నాటి ఇండోర్ స్టేడియం ఉన్నా, దిల్‌సుఖ్‌నగర్ పిల్లలు ఆ రేంజ్‌కు వెళ్లాలంటే నగరాన్ని అడ్డంగా దాటాలి. 10 మీటర్ల ఎయిర్ రేంజ్‌కు పెద్ద స్థలం అక్కర్లేదు. తూర్పు హైదరాబాద్‌కు అది దక్కాల్సిందే.

తయారీలో తగాదాలు

తెరిచిన సైట్, మూసిన సైట్ అనే తగాదా వాతావరణానికి సంబంధించింది. తెరిచిన దాంట్లో ఎల్‌ఈడీ ఆరుబయట ఉంటుంది. వాన చినుకు గానీ దుమ్ము గానీ దానిపై పడితే చుక్క చెదురుతుంది, లేదా పోతుంది. మూసిన దాంట్లో ముందూ వెనకా అద్దాలుంటాయి, లోపలికి నీరు చేరదు, బయటి అద్దాన్ని తుడుచుకుంటే చాలు. బరువు, ధర ఎక్కువ. జూలై వానలకూ మే నెల దుమ్ముకూ అలవాటైన తెలుగు నేల మీద మూసినదే సరైన ఎంపిక.

వెలుగు దేనితో అన్నది రెండో తగాదా. మంచి ఎల్‌ఈడీ సైట్లు ఒక నాణెం బ్యాటరీతో 50,000 గంటల దాకా, అంటే ఐదేళ్లకు పైగా వెలుగుతాయని తయారీదారులు చెబుతారు. ట్రిటియం, ఫైబర్ ఆప్టిక్‌లతో నడిచేవాటికి బ్యాటరీ అక్కర్లేదు. అయితే ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, అన్నేళ్లకు వెలుగు సగమవుతుంది. చీకటి గదిలో నిలబడి ఎండలో ఉన్న లక్ష్యాన్ని చూసేటప్పుడు దాని చుక్క వెలవెలబోతుంది కూడా.

హోలోగ్రాఫిక్ సైట్లది వేరే కుటుంబం. లేజర్ డయోడుతో హోలోగ్రామ్‌ను వెలిగిస్తాయి. సన్నని గురి గుర్తు ఇస్తాయి కానీ బ్యాటరీని త్వరగా తాగేస్తాయి. వేడి, చలి మారినప్పుడు గురి జరుగుతున్న సంగతి దాచిందన్న ఆరోపణపై ఈవోటెక్ హోలోగ్రాఫిక్ సైట్ల తయారీదారు 2015లో అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. సైట్ కొనే ఏ దళానికైనా అందులో పాఠం ఉంది: కరపత్రంలోని అంకెలను సొంత ఎండలో, సొంత చలిలో పరీక్షించుకోవాలి.

తెలుగునాట అద్దాల పని

ఆయుధాల దృశ్య పరికరాలు తెలుగువారికి కొత్త కాదు. 1926లో మచిలీపట్నంలో ప్రయోగశాల పరికరాలు చేసేందుకు మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. అదే నేడు సైనికుల రాత్రి దృశ్య పరికరాలు చేస్తోంది. కృష్ణా జిల్లా నిమ్మలూరులో సుమారు 360 కోట్లతో కట్టిన దాని కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబర్‌లో జాతికి అంకితం చేశారు. హైదరాబాద్‌లో ఐకామ్ సంస్థ యూఏఈకి చెందిన కారకాల్‌తో కలిసి చిన్న ఆయుధాల తయారీ మొదలుపెట్టింది. ఒకచోట అద్దం, మరోచోట తుపాకీ. రెంటి మధ్య దూరం ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు. రాత్రి దృశ్య పరికరంతో పోలిస్తే రిఫ్లెక్స్ సైట్ సులువైన వస్తువు. దెబ్బలకు ఓర్చే పెట్టె, పూత సరిగ్గా పట్టిన అద్దం, నిలకడైన ఎల్‌ఈడీ ఉంటే చాలు. ఇందులో కష్టమైనది స్లైడ్ అదురుకు వేలసార్లు తట్టుకుని గురి చెదరకపోవడం.

ఇంకా తేలనివి

మొదటిది, ఏది ముందు నేర్పాలి అన్నది. ఐరన్ సైట్లు నేర్చాకే చుక్క ఇవ్వాలని సంప్రదాయం. మొదటి రోజు నుంచే చుక్కతో నేర్పితే ట్రిగర్ అదుపు తొందరగా పట్టుబడుతుందని ఎదుటి వాదం. శిక్షణకు ఉన్న తూటాలు తక్కువైన చోట రెండో వాదానికి బలం ఎక్కువ.

రెండోది వయసు, చూపు. చత్వారం ఉన్నవారికి చుక్క వరమే. అస్టిగ్మాటిజం ఉన్నవారికి అదే చుక్క తోకచుక్కలా సాగి కనిపిస్తుంది, సరైన కళ్లద్దాలు లేకపోతే గురి కుదరదు. సైట్లు పంచేముందు సిబ్బందికి కంటి పరీక్ష చేయించడం ఖర్చులో చిన్నది, ఫలితంలో పెద్దది.

మూడోది ఆయుష్షు. రైఫిల్ ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. దాని మీది సైట్ పదేళ్లకు పాతబడుతుంది, ఈలోగా బ్యాటరీలు, సీళ్లు, మరలు మార్చాలి. ఐరన్ సైట్లకు ఈ ఖర్చు లేదు. టెండర్లలో కొనుగోలు ధరతోపాటు పదేళ్ల నిర్వహణ ఖర్చును కూడా కలిపి పోల్చితే తక్కువ ధరకు వచ్చిన సైట్ చాలాసార్లు ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. ఆ లెక్క కట్టాలంటే ఆయుధాగారం రిజిస్టర్‌లో ప్రతి సైట్‌కూ విడిగా ఒక పేజీ ఉండాలి. ఎప్పుడు జీరో చేశారు, ఎన్ని తూటాల తర్వాత గురి మారింది, బ్యాటరీ ఏ తేదీన వేశారు అన్నవి అందులో రాయాలి.